చుట్ట చివరి ముక్క

ఆ రోజు పొద్దున్న ఏడింటికే చుట్టంగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు పంపు మొరాయించింది. పంపు కదిలేసరికి రేడియో మూగబోయింది. రేడియో పలికేసరికి, ఏదో కాగితం మీద సంతకం లేదని గేటు దగ్గర ఇంధనం బండిని ఆపేశారు. పని తక్కువ, పంచాయితీ ఎక్కువ అని గొణుక్కుంటూ ఆయన క్యాబిన్‌లో కూర్చున్నాడు.

ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆయన పని చుట్టతో. చుట్టంటే మీరనుకునే పొగచుట్ట కాదు, నూనె బావి దగ్గర అగ్గిపెట్టె పేరెత్తినా బయటికి గెంటేస్తారు. ఇది ఉక్కు చుట్ట. రెండంగుళాల లావు, ఆరు వేల మీటర్ల పొడవు ఉన్న ఒకే ఒక్క గొట్టం, రెండు నిలువుల రాట్నం మీద దారంలా చుట్టి ఉంటుంది. కాయిల్ అనాలట, కాగితాల మీద అలాగే రాస్తారు. గుంపులో మాత్రం అది చుట్టే. దాన్ని విప్పుతూ బావిలోకి నెట్టడం, పనయ్యాక లాగి మళ్ళీ చుట్టడం ఇరవై ఒక్కేళ్ళుగా ఆయన ఉద్యోగం. పైగా భార్య తమ్ముడు కూడా అదే గుంపులో పనిచేస్తాడు. తిప్పేది చుట్ట, అందులోనూ ఒకడికి చుట్టం. ఇంకేముంది, అందరికీ చుట్టంగారైపోయాడు.

ఇప్పుడు వాళ్ళ ముందున్న బావి బుద్ధిగా నిటారుగా దిగే రకం కాదు. మూడు వేల మీటర్లు తిన్నగా వెళ్ళి, ఏదో మరిచిపోయి వచ్చినట్టు పక్కకు తిరిగి, ఇంకో రెండు వేల మీటర్లు వాలుగా పాకుతుంది. తీగకు కట్టి వదిలితే ఏ పరికరమైనా ఆ మలుపులో చతికిలబడుతుంది. వెనక నుంచి నెట్టేది ఉండాలి. అందుకే చుట్ట. దాని కొసకు తుపాకులు కడతారు. తుపాకులంటే మందు కూరిన పొడుగాటి ఇనుప గొట్టాలు, అంతే. సరైన లోతులో పేల్చితే బావి గోడకు చిల్లులు పడి పొరలోని నూనె లోపలికి వస్తుంది. తప్పు లోతులో పేల్చితే ఏది దగ్గరుంటే అది వస్తుంది, ఆ చిల్లులు పూడ్చడం నెలల పని.

రెండు నెలల క్రితం పక్క బావిలో వీళ్ళకు వచ్చింది ఉప్పునీరు. నూనె పొరకు కాస్త పైన నీటి పొర ఉంది, తుపాకులు పేలింది అక్కడ. కావలసిన చోటుకంటే తొమ్మిది మీటర్ల నలభై సెంటీమీటర్లు పైన చిల్లులు పడ్డాయని తరవాత కొలిచి తేల్చారు.

అంత లోతున తుపాకి ఎక్కడుందో చూసేది ఎవరు? ఎవరూ చూడలేరు. ముందురోజు తుపాకులు లేకుండా కొలత పరికరం కట్టి దింపుతారు. అది పొరల్ని గుర్తుపట్టి, ఇదిగో ఇదే చోటు అన్నప్పుడు, పైన క్యాబిన్ ఎదురుగా గొట్టం మీద పసుపు రంగుతో ఒక గుర్తు వేస్తారు. మర్నాడు తుపాకులు కట్టి దింపుతూ, ఆ పసుపు గుర్తు మళ్ళీ అదే చోటికి రాగానే ఆపుతారు. పరికరం పొడవుకూ తుపాకుల పొడవుకూ ఉన్న తేడాను, లెక్కలూ రికార్డులూ చూసే ఇంజనీరు, అందరూ కాగితాల మేడమ్ అనే ఆవిడ, లెక్కకట్టి సరిచేస్తుంది. గుర్తు వేసేది బావమరిది. తుపాకులు కట్టేదీ అతనే. గుర్తు దగ్గర ఆపేది చుట్టంగారు.

కాబట్టి విచారణకు పిలిచింది ఆ ఇద్దర్నే. చుట్టంగారు ఒంటికాలి మీద లేచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తు దగ్గరే ఆపాననీ, తన కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయనీ, గుర్తే తప్పు చోట పడి ఉండాలనీ అన్నాడు. కోపంలో అన్న మాటే గానీ, అవతలివాళ్ళు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. ఆ మాట పట్టుకుని బావమరిది మందుగుండు లైసెన్సు మీద విచారణ నడిపారు. వచ్చే సోమవారం ఆఖరి రోజు. "గుర్తు వేయడంలో అజాగ్రత్త" అని టైపు చేసిన కాగితం మీద చుట్టంగారు సంతకం చేస్తే చాలు, బావమరిది ఇక జన్మలో తుపాకి ముట్టుకోలేడు. పధ్నాలుగేళ్ళ పనితనం గంగలో కలిసి, ఏ గోడౌన్ తలుపు దగ్గరో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. అప్పటిదాకా మాత్రం, ఇంకో మనిషి దొరక్క, తుపాకులు కట్టేది అతనే. అదీ వీళ్ళ న్యాయం.

ఆ కాగితం పొద్దున్నే మేడమ్ తెచ్చి ఇచ్చింది. చుట్టంగారి చొక్కా జేబులో ఉంది.

ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. బావాబావమరుదుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. తమ్ముడు అక్క గడప తొక్కడం మానేశాడు. అక్కేమో మొగుడితో మాట్లాడటం మానేసి, "అన్నం పెట్టాను, తినేవాళ్ళు తినొచ్చు" అని గోడకు చెబుతోంది. గోడ ఎలాగూ తినదు కాబట్టి ఈయన లేచి వెళ్ళి తింటున్నాడు.

గేటు దగ్గర తగువు తీరి పని మొదలయ్యేసరికి తొమ్మిదైంది. తుపాకులు కట్టే ముందు చుట్టంగారిది ఒక చాదస్తం ఉంది. గొట్టం చివర బిగింపు పడిన చోట నొక్కులు పడతాయి. ఆ నొక్కుల కొసకు ఆయన తుపాకులు కట్టనివ్వడు. ఎప్పుడో పదేళ్ళ క్రితం బిగింపు జారి తుపాకులన్నీ బావిలో పడిపోయిన రోజు నుంచి అంతే. నొక్కు లేని గుండ్రటి భాగం వచ్చేదాకా కోసేయాల్సిందే. మిగతా గుంపులు ఈ కోత పనంతా అయ్యాక యార్డులో తీరిగ్గా కోసుకుంటాయి. ఈయన మాత్రం తుపాకుల ముందే కోయిస్తాడు. అందుకు తనమీద తనకు కాస్త గర్వం కూడా.

"ఇక్కడికి కోయండి" అని ఆ రోజూ వేలితో చూపించాడు. బావమరిది అక్కడికే కోయించాడు. తెగిన ముక్కను టేపుతో కొలిచి, దాని మీద సుద్దతో ఏదో రాసి, రాట్నం పక్కన ఆనించాడు. ముక్కలు పారేయడం అతనికి చేతకాదు. చివరిసారి తెగిన ముక్కతోనే అక్క ఇంటి మేడమెట్లకు చేత్తో పట్టుకునే కమ్మీ బిగించాడు, ఆవిడ మోకాళ్ళ నొప్పులు చూడలేక. అది గొడవకు ముందు మాట.

చుట్ట దిగడం మొదలైంది. నిటారు భాగం వరకు బాగానే దిగింది. మలుపు దగ్గర మొండికేసింది. కాస్త లాగి, కాస్త నెట్టి, జారుడు మందు పంపి, బతిమాలి, తిట్టి, మళ్ళీ నెట్టి, పసుపు గుర్తు కంటి ముందుకు వచ్చేసరికి మధ్యాహ్నం ఒకటిన్నరైంది. చుట్టంగారి తల ప్రాణం తోకకొచ్చింది. బ్రేకు వేసి, కొస బావి మూతిలో దిగినప్పటి నుంచి గొట్టం పొడవు లెక్కపెట్టే కౌంటర్ వైపు చూశాడు.

ముందురోజు ఇదే గుర్తు దగ్గర కౌంటర్ చూపించిన అంకెను ఆయన అద్దం మీద రాసి పెట్టుకున్నాడు. మేడమ్ సవరణలన్నీ పోగా ఇవాళా అదే రావాలి. రాలేదు. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు తక్కువ చూపిస్తోంది.

పోయినసారీ ఇంతే. తొమ్మిది చిల్లర తక్కువ చూపిస్తోందని చెబితే, కౌంటర్ చక్రం అరిగిపోయింది, దాన్ని నమ్మొద్దు, గుర్తును నమ్మమన్నారు. ఆ తరవాత ఆయన కొత్త చక్రం కోసం స్టోరు చుట్టూ తిరిగి తిరిగి, చెప్పులరిగాక తెచ్చుకున్నాడు. నిన్న బిగించిన చక్రం ఇవాళ అరిగిపోదుగా. చక్రం తప్పు కాకపోతే మిగిలింది గుర్తే. అంటే వాడు మళ్ళీ తప్పు వేశాడు.

మేడమ్‌నూ బావమరిదినీ క్యాబిన్‌కు పిలిచాడు. కాగితాల మేడమ్ వచ్చి, కౌంటర్ సంగతి తరవాత చూద్దాం, కింద వేడి నూట యాభై డిగ్రీలు దాటింది, మూడింటిలోపు పేల్చకపోతే మందు పనికిరాదు, అంతా బయటికి లాగాలి అంది. నలభై దాటిన మనిషి, ఎండలో నిలబడి నిలబడి ఆవిడకీ విసుగొచ్చేసింది. గుర్తు దగ్గర పేల్చేద్దామా వద్దా, ఒక మాట చెప్పండి అంది.

చుట్టంగారు బావమరిది వైపు తిరిగాడు. "రెండోసారి కూడానా? చెయ్యి వణికిందా, కళ్ళు మసకేశాయా?"

"నిన్న నువ్వు ఆపావు, నేను గీశాను. నువ్వు పక్కనే ఉన్నావు బావా" అన్నాడు బావమరిది. బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు.

ఆ నిమ్మళం చూసి చుట్టంగారికి ఒళ్ళు మండిపోయింది. పక్కనే ఉన్నావు అంటే నాదీ తప్పనా? జేబులోంచి కాగితం తీశాడు. ఇంక మొహమాటమేంటి, రెండుసార్లు రుజువయ్యాక. పెన్ను తీసి సంతకం పెట్టబోతే అది రాయలేదు. విదిల్చాడు. రాయలేదు. ఈ బావి దగ్గర ఒక్క వస్తువు సరిగ్గా పనిచేసి చావదు కదా అనుకుంటూ, కిటికీ తెరిచి పెన్నును బయటికి గట్టిగా విదిల్చాడు.

కిటికీ కింద, రాట్నం పక్కన, పొద్దున్న తెగిన ముక్క ఆనించి ఉంది. దాని మీద సుద్దతో గుండ్రటి అక్షరాలు. "4.20. అక్క పెరటి మెట్లకి."

చుట్టంగారు కౌంటర్ వైపు చూశాడు. మళ్ళీ ముక్క వైపు చూశాడు. పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

గుర్తు నిన్న వేశారు. కొస ఇవాళ కోశారు. గుర్తు గొట్టం మీద ఉన్నచోటే ఉంది, కానీ గుర్తుకూ కొసకూ మధ్య దూరం నాలుగు మీటర్ల ఇరవై తగ్గిపోయింది. చేంతాడుకు ముడి వేసి, తరవాత తాడు కొస కోసేసి బిందె కట్టి, ముడి చేతికందింది కాబట్టి బిందె నీళ్ళకందిందని అనుకోవడం లాంటిది. చిన్నపిల్లకు చెప్పినా నవ్వుతుంది. కోయించింది ఎవరు? తనే. మేడమ్ లెక్కల కాగితంలో కోతకు గడే లేదు, ఎందుకంటే తుపాకుల ముందు కోసే చాదస్తం ఇంకెవరికీ లేదు. బావమరిది కోసిన పొడవు బావే చెప్పుకుంటాడనుకున్నాడు. బావకు చెప్పాలనే తోచలేదు. ఇదివరకు అరమీటరు కోసేవాడు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. గొట్టం ముసలిదవుతున్న కొద్దీ కోత పెరిగింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఇవాళ్టిది సరే, పోయినసారి కూడా ఇదేనని ఏమిటి గ్యారంటీ? సొరుగులోంచి చుట్ట పుస్తకం తీశాడు. ప్రతి కోతా అందులో రాసేది తనే. రెండు నెలల వెనక్కి తిప్పితే తన చేతిరాతే కనబడింది. "చివర కోత, సుమారు పది మీ."

సుమారు. ఎవరైనా ఆ మాట అంటే కాకిలెక్కలు నా దగ్గర కాదని గుంపులో అందరి మీదా విరుచుకుపడే మనిషి రాసిన రాత అది. చుట్టంగారికి తలకొట్టేసినట్టయింది. కానీ ఆ సుమారులోనే ఒక చిన్న ఆశ కూడా కనిపించింది. పది మీటర్లంటే తొమ్మిది నలభై కాదుగా. ఎనిమిదిన్నరైనా సుమారు పదే, పదకొండైనా సుమారు పదే. అసలు పొడవు తెలియాలంటే ఆ ముక్కనే కొలవాలి. ఆ ముక్క ఇంట్లో మెట్లకు బిగించి ఉంది.

బావమరిదిని కేకేసి తన కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోనివ్వడం ఎవరూ ఎరగరు. గొట్టం కదలకుండా ఉంటే కింద పట్టేస్తుంది, అయిదు నిమిషాలకోసారి కాస్త పైకీ కిందికీ ఆడించమని చెప్పి, మేడమ్‌ను పావుగంట అడిగి, గేటు దగ్గరికి నడిచాడు. మందుగుండు ఉన్న చోట ఫోన్లు లోపలికి రానివ్వరు, అన్నీ గేటు దగ్గర పెట్టెలోనే పడి ఉంటాయి.

భార్య ఫోను ఎత్తి, ఎవరో చనిపోయారేమోనని కంగారుపడింది. కాదు, మేడమెట్ల కమ్మీ ఎంత పొడవుందో టేపు పెట్టి కొలవమన్నాడు.

"రెండు నెలల తరవాత నోరు తెరిచి అడిగేది ఇదా?" అంది ఆవిడ.

ముందు కొలువు, తరవాత ఎన్నైనా తిట్టు అన్నాడు. ఆవిడ బట్టలు కుట్టే టేపు తెచ్చి, ఫోను ఒక మెట్టు మీద పెట్టి, మెట్టు మెట్టుకూ ఆగుతూ కొలిచింది. మోకాలు పట్టేసినప్పుడల్లా వినబడే మూలుగు ఫోన్లో వినబడుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టింది. ఆరు టేపులు, పైన పది సెంటీమీటర్లు. టేపు పొడవు నూటయాభై.

తొమ్మిది మీటర్ల పది.

చుట్టంగారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ముప్పై సెంటీమీటర్లు తక్కువ. తొమ్మిది నలభై కాదు. తన తప్పు కాదు. ఇవాళ్టిది కాకతాళీయం, అప్పటిది మాత్రం వాడిదే. ఇప్పుడేమైందో చెప్పమని భార్య అడుగుతుండగానే ఫోను పెట్టేసి, వయసు మరిచిపోయి పరుగులాంటి నడకతో క్యాబిన్ ఎక్కాడు.

బావమరిది లివరు మీద చెయ్యి తీయకుండా కూర్చుని ఉన్నాడు. చుట్టంగారు మాటల్లో మాటగా అడిగాడు, మేడమెట్ల కమ్మీ కోసం ఆ ముక్కను ఏమైనా కోశావా, పూర్తిగా వాడావా అని.

"కోయలేదు. రెండు మలుపులు వంచానంతే."

"మరి తొమ్మిది పదే ఉందటగా?"

"పైకి కనబడేది అంతే ఉంటుంది. అటు పదిహేను, ఇటు పదిహేను సిమెంటులో దించాను. అక్క బరువు ఆనుతుంది కదా" అన్నాడు బావమరిది, కౌంటర్ మీంచి చూపు తిప్పకుండా.

పదిహేనూ పదిహేనూ ముప్పై. చుట్టంగారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఈ రెండు నెలలూ రోజూ పొద్దున్న మేడ దిగేటప్పుడు ఆ కమ్మీ పట్టుకునే దిగాడు. రోజూ రాత్రి అది పట్టుకునే ఎక్కాడు. బావమరిదిని తిట్టుకుంటూ ఎక్కాడు, తిట్టుకుంటూ దిగాడు. అన్నాళ్ళూ తప్పు తన గుప్పిట్లోనే ఉంది, చల్లగా, నున్నగా.

ఇప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. కౌంటర్ చెప్పిన లెక్క అని నాలుగు మీటర్ల ఇరవై కిందికి దింపి పేల్చితే బావి బాగుపడుతుంది, ఈయన తెలివికి శభాష్ అంటారు. సోమవారం ఆ కాగితం దారి అది చూసుకుంటుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. రాలేదని బుకాయించడానికి ఆయనేం దేవుడు కాదు. కానీ ఎదురుగా ఉన్నవాడు చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ, అయిదు నిమిషాలకోసారి గొట్టాన్ని ఆడిస్తూ కూర్చున్నాడు.

"లేవరా" అన్నాడు. తరవాత రేడియో అందుకున్నాడు. "మేడమ్, గుర్తు సరిగ్గానే పడింది. ఇవాళా సరిగ్గానే పడింది, అప్పుడూ సరిగ్గానే పడింది. గుర్తు వేశాక కొస కోయించింది నేను. అప్పుడు తొమ్మిది నలభై, ఇవాళ నాలుగు ఇరవై. మీకు చెప్పలేదు. తప్పు నాది."

రేడియో గర్రుమంది. తరవాత మేడమ్ గొంతు, గొట్టం నాలుగు ఇరవై దింపండి, మిగతాది తరవాత మాట్లాడదాం అంది. ఆ తరవాతలో ఏముందో ఆయనకు తెలుసు.

ఆ నాలుగు మీటర్లకే చుట్ట మళ్ళీ మొండికేసింది. యాభై మీటర్లు వెనక్కి లాగి, మళ్ళీ నెట్టి, మూడు గంటలకు ఏడు నిమిషాలు ఉండగా కౌంటర్ అద్దం మీది అంకెను ముట్టుకుంది. తుపాకుల్ని పేల్చేందుకు పైనుంచి గొట్టంలోకి ఉక్కు గోళీ వదిలారు. అది రాట్నం మీది చుట్లన్నీ తిరుగుతూ గలగలమని వెళ్ళడం క్యాబిన్‌లోకి వినబడింది. పంపు ఒత్తిడి పెంచారు. కాళ్ళ కింద నేల కదిలిందా లేదా అన్నట్టు ఒక చిన్న దెబ్బ. ఒత్తిడి ముల్లు గబుక్కున పడి మళ్ళీ లేచింది. సాయంత్రం అయిదింటికి గొట్టాల్లో నల్లగా, చిక్కగా నూనె వచ్చింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు.

చుట్టంగారు క్యాబిన్ దిగలేదు. జేబులోని కాగితం తీసి, టైపు చేసిన వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. మేడమ్ పెన్ను అడిగి తీసుకుని, కింద ఖాళీలో తన తప్పు పూసగుచ్చినట్టు రాశాడు. ఈసారి సుమారు అనే మాట వాడలేదు. సంతకం పెట్టి ఇస్తే, మేడమ్ చదివి మడిచి, మీకు ఇంక క్యాబిన్ ఉంటుందని నేను చెప్పలేను అంది. తెలుసన్నాడు.

బావమరిది గొట్టం ముక్కను బండిలో ఎక్కించబోతున్నాడు. చుట్టంగారు వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఎక్కించారు. సోమవారం నీకే ఇబ్బందీ ఉండదని చెప్పాడు. క్షమించమని మాత్రం అడగలేకపోయాడు.

"ఇంటికి రా. పెరటి మెట్లకు బిగిద్దాం" అన్నాడు చివరికి.

బావమరిది చేతుల దుమ్ము దులుపుకున్నాడు. అతని కళ్ళల్లో కోపం ఏమాత్రం తగ్గలేదు. "రెండు నెలలు బావా. ఒక్కసారి, ఒక్కసారి నన్ను అడిగుంటే ముక్క పొడవు అప్పుడే చెప్పేవాణ్ణి. నేను కొలవకుండా ఏ ముక్కా వదల్లేదు."

చుట్టంగారు ముక్క జారకుండా తాడు బిగించాడు.

"వస్తాను" అన్నాడు బావమరిది, బండి తలుపు తీస్తూ. "అక్కతో మాత్రం నువ్వే చెప్పు. ఆ కమ్మీ పట్టుకుని చెప్పు. నేను మెట్ల కింద నిలబడి వింటాను."